లోపం ముట్టినట్టు రసీదు

మా ఊళ్ళో రవాణా శాఖ కార్యాలయం గేటుకు ఎదురుగా నాదొక జిరాక్సు కొట్టు ఉంది. పదహారేళ్ళుగా ఈ చుట్టుపక్కల బండ్ల కాగితాలన్నీ నా యంత్రం మీదుగానే లోపలికి వెళ్ళాయి. కొన్ని బయటికి కూడా వచ్చాయి. ఒక కాగితం చాలే చోట మూడు అడిగే ప్రభుత్వాన్ని నేను విమర్శిస్తే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టే. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

వెనకటి రోజుల్లో బండికి ఎఫ్సీ తెచ్చుకోవడం, అంటే ఇది రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని కాగితం తెచ్చుకోవడం, పెద్ద పని కాదు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు సాంబమూర్తి గారు వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. బండిని ఎదురుగా నిలబెట్టి హారన్ కొట్టమనేవారు. హారన్ మోగితే బండి బాగున్నట్టు. కిందటేడు ఆ పద్ధతి పోయింది. పెద్ద షెడ్డు వేసి యంత్రాలు దించారు. యంత్రానికి మొహమాటం ఉండదు గనుక మొదటి నెలలోనే పది బండ్లకు ఏడు తప్పాయి. బండ్లవాళ్ళు గేటు ముందు కూర్చుని గోల చేశారు.

సరిగ్గా అప్పుడే సర్వక్షేమ బీమా కంపెనీ వారు ‘యోగ్యతా భరోసా’ అనే పాలసీ తెచ్చారు. పరీక్షలో బండి తప్పితే మరమ్మతు ఖర్చంతా కంపెనీదే. ఇది శాఖ వారికి ఎంత నచ్చిందంటే, ఆ పాలసీ లేని బండిని పరీక్షకే రానివ్వమన్నారు. ఆరంభ సభలో సాంబమూర్తి గారు, “ఇకమీదట మన జిల్లాలో వాహనం తప్పినా వాహనదారుడు తప్పడు” అన్నారు. కంపెనీ బ్రాంచి మేనేజరు హైమవతి గారు, “ఇది కేవలం పాలసీ కాదు, ఒక దృక్పథం” అన్నారు. రెండూ ఎవరికీ అర్థం కాలేదు. అందువల్ల చప్పట్లు బాగా పడ్డాయి.

ఆ దృక్పథం కింద మొట్టమొదట తప్పినవాడు ఏసోబు. అతనికొక చిన్న ట్రాలీ బండి ఉండేది. ఊరికి పదకొండు మైళ్ళలో ఉన్న వెంకటప్పయ్య గారి కోళ్ళఫారం నుంచి రోజూ తెల్లవారే సరికి గుడ్లు తెచ్చి ఊళ్ళో కొట్లకు వేసేవాడు. భార్య రూతమ్మ అదే ఫారంలో గుడ్లు ఏరి అట్టలకెత్తేది. తొమ్మిదేళ్ళలో దారిలో పగిలిన గుడ్లు రెండు అట్టలకు మించవని ఏసోబు చెప్పుకునేవాడు. గుడ్లు మోసే మనిషికి అంతకన్నా పెద్ద బిరుదు ఉండదు.

యంత్రాల షెడ్డులోంచి ఎర్రకాగితం పట్టుకుని నవ్వుతూ బయటికి వచ్చిన మనిషిని నేను అదే మొదలు చూడటం.

“తప్పిందన్నా,” అన్నాడు ఏసోబు. “ఎనక ఎడం చక్రం బ్రేకంట. కంపెనీవోళ్ళు చేయిస్తారుగా. రెండు కాపీలు తియ్యి.”

తప్పిన బండి రోడ్డెక్కకూడదు. అందుకని దాన్ని కార్యాలయం వెనక మైదానంలోనే నిలబెట్టాడు. మెకానిక్కు ఖాజావలి వచ్చి చక్రం ఊడదీసి చూశాడు. లోపల బ్రేకును తోసే చిన్న సిలిండరు ఒకటి కారుతోంది.

“నువ్వు పోయి టీ తాగిరా, మార్చేస్తా,” అన్నాడు ఖాజావలి.

“ముట్టుకోమాకు మావా. కంపెనీ చూసిందాకా దాని మీద చెయ్యి పడగూడదని పాలసీలో ఉందంట.”

“చూసిందాకా కారతానే ఉంటదిగా.”

“కారనీ. ఎంత, రెండు రోజులు.”

క్లెయిము ఫారాలు నింపడానికి నన్ను కూడా రమ్మన్నాడు ఏసోబు. హైమవతి గారు మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. ఆవిడ మర్యాదస్తురాలు. ఆ మాట ఎక్కడైనా చెబుతాను.

“పాలసీ నాలుగో నిబంధన ప్రకారం వైఫల్యం ఆకస్మికంగా సంభవించి ఉండాలి,” అన్నారు కళ్ళజోడు సవరించుకుని. “బ్రేకు బాగాలేదన్న విషయం పరీక్షకు ముందే మీకు తెలుసా?”

ఏసోబు నా వైపు చూశాడు. “తెలుసంటే ఏమవుద్దమ్మా?”

“తెలిసీ దాచారని అవుతుంది. క్లెయిము చెల్లదు.”

“తెలవదంటే?”

“సొంత వాహనం బ్రేకు స్థితిగతులు తెలుసుకోకపోవడం నిర్లక్ష్యం. నిర్లక్ష్యానికి బీమా వర్తించదు.”

ఏసోబు అబద్ధం ఆడే మనిషి కాడు. ఆలోచించి ఆలోచించి, “కాలవకట్ట దిగేటప్పుడు కాస్త అనుమానంగా ఉండేదమ్మా. చదును మీదకొచ్చాక ఉండేది కాదు,” అన్నాడు.

హైమవతి గారు కలం కింద పెట్టారు. “అనుమానానికి ఫారంలో గడి లేదు,” అన్నారు. ఆ ముఖంలో నిజంగానే విచారం కనిపించింది. సంగతి హెడ్డాఫీసుకు రాశారు. పద్దెనిమిది రోజులకు జవాబు వచ్చింది. కట్ట దిగేటప్పుడు కలిగి చదును మీద పోయే అనుమానాన్ని ‘అర్ధ ఆకస్మికం’గా పరిగణించవచ్చుననీ, సర్వే జరిపించమనీ.

సర్వేయరు కోదండపాణి గారు ఒక టేపూ గొడుగూ తీసుకుని మైదానానికి వచ్చారు. బండి చుట్టూ మూడుసార్లు తిరిగారు. పొడవు కొలిచారు. వెడల్పు కొలిచారు. తరవాత కాస్త దూరంగా నిలబడి దాన్ని తేరిపార చూశారు.

“బండి ఆగే ఉంది కదా,” అన్నారు.

“ఆగే ఉంది సార్.”

“ఆగి ఉన్న బండిలో బ్రేకు లోపం ఎలా కనిపిస్తుందయ్యా?”

“ఎక్కి నడిపి చూడండి సార్. కనపడుద్ది.”

“లోపం ఉన్న వాహనాన్ని నడపడం నేరం,” అన్నారు ఆయన ఒకడుగు వెనక్కి వేసి. “పైగా నాకు బీమా లేదు.”

పరిశీలన సమయంలో వాహనం పూర్తి అదుపులో ఉన్నదని ఆయన నివేదిక రాశారు. దాంతో కంపెనీ వారికి సందేహం వచ్చి, తమ ఎదుట ఇంకోసారి పరీక్షించి బండిని తప్పించమని శాఖను కోరారు. మరమ్మతు కాని బండిని మళ్ళీ పరీక్షించడమంటే మొదటిసారి చెప్పిన యంత్రాన్ని శంకించడమేనని సాంబమూర్తి గారు తిరిగి రాశారు. ముందు మరమ్మతు చేయించండి అన్నారు. రెండో పరీక్ష కాకుండా మరమ్మతు కుదరదు అన్నారు కంపెనీవారు. పోనీ నా డబ్బుతో నేనే చేయించుకుంటానని ఏసోబు అడిగితే, క్లెయిము నడుస్తున్న బండిని కంపెనీ నిరభ్యంతర పత్రం లేకుండా షెడ్డులోకి రానివ్వమన్నారు శాఖవారు. క్లెయిము తేలకుండా ఆ పత్రం ఇవ్వలేమన్నారు కంపెనీవారు. ఈ ఉత్తరాలన్నీ నా దగ్గరే మూడేసి కాపీలు అయ్యాయి. ఆ నెల నేను యంత్రానికి కొత్త డ్రమ్ము వేయించాను.

చివరికి ఉభయులూ సమన్వయ సమావేశం పెట్టుకున్నారు. పకోడీలు వచ్చాయి. రెండు గంటల తరవాత ఏకాభిప్రాయం కూడా వచ్చింది. ఏసోబుకు రిజిస్టరు పోస్టులో ఉత్తరం అందింది. దాన్ని నా కొట్లోనే విప్పి చదివాను.

“సదరు వాహనములోని లోపము కంపెనీ ప్రయోజనములకు సంబంధించినది కావున, తుది నిర్ణయము వెలువడు వరకు దానిని పెంచక, తగ్గించక, యథాతథముగా పరిరక్షించవలెను. లోపమునకు హాని కలిగించినచో చట్టరీత్యా చర్య గైకొనబడును.”

“లోపానికి హాని అంటే ఏందన్నా?” అన్నాడు ఏసోబు.

“బాగుచేయడం,” అన్నాను.

ఏసోబు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నవ్వు ముఖం నేను చూసింది ఆ ఎర్రకాగితం రోజునే. తరవాత చాలాకాలం చూడలేదు.

పరిరక్షణ అన్నాక పర్యవేక్షణ ఉండాలి కదా. నెలకోసారి మైదానంలో లోప దృఢత్వ పరీక్ష మొదలైంది. ఒకరు బ్రేకు పెడలు తొక్కి పట్టుకుంటే, సాంబమూర్తి గారు చేతి గడియారం చూస్తూ చక్రం దగ్గర పడే ఆయిలు చుక్కలు లెక్కపెట్టేవారు. మొదటి నెల నిమిషానికి పన్నెండు చుక్కలు. లోపం దృఢంగా ఉన్నదని ధ్రువపత్రం ఇచ్చారు. రెండో నెల తొమ్మిదే పడ్డాయి. లోపం క్షీణిస్తున్నదని నోటీసు వచ్చింది. ఖాజావలిని పిలిపించి, దాన్ని పూర్వస్థితికి తెమ్మన్నారు.

“దుమ్ము పట్టి కాస్త పూడింది సార్,” అన్నాడు ఖాజావలి. “నన్నేం చెయ్యమంటారు?”

“పన్నెండు చుక్కలు పడేలా చెయ్యి.”

“ముప్పై ఏళ్ళుగా బాగుచెయ్యటమే చేశా. చెడగొట్టటం మా ఉస్తాదు నేర్పలా.”

“వృత్తి నైపుణ్యం పెంచుకోవాలయ్యా,” అన్నారు సాంబమూర్తి గారు దయగా.

ఈలోగా మైదానం నిండింది. ఏసోబులాగే పాలసీని నమ్మి తప్పినవాళ్ళ బండ్లు రెండువందల పధ్నాలుగు లోపాలను కాపాడుకుంటూ వరసగా నిలబడ్డాయి. ఎక్కడి బండ్లు అక్కడే ఉండటం వల్ల జిల్లాలో ప్రమాదాలు తగ్గాయి. ఇది రోడ్డు భద్రతలో నూతన అధ్యాయమని సాంబమూర్తి గారికి పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని రంగుల్లో కాపీ తీయించి గోడకు పెట్టించుకున్నారు.

వెంకటప్పయ్య గారు నెలా పదిరోజులు ఓపిక పట్టారు. అద్దె ఆటోల్లో గుడ్లు తోలించి, పగిలినవాటికి బాధపడి, చివరికి ఆ పని వేరే బండికి ఇచ్చేశారు.

“నీ మీద కోపమేం లేదు ఏసోబూ,” అన్నారట. “పాలసీ తేలిందాకా గుడ్లు పెట్టొద్దంటే కోళ్ళు వినవు గదా.”

ఏసోబు కూరగాయల మార్కెట్లో బస్తాలు మోయడానికి కుదురుకున్నాడు. అయినా తెల్లారి అయిదింటికల్లా మైదానానికి వచ్చేవాడు. నేను కొట్టు ముందు ఊడ్చుకుంటూ చూసేవాణ్ణి. తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చునేవాడు. అద్దం తుడిచేవాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాసేపు అలాగే ఉండి, దిగి, తలుపు చప్పుడు కాకుండా వేసి మార్కెట్టుకు నడిచిపోయేవాడు. గుడ్లు ఉన్నప్పటి అలవాటు. ఒకరోజు పలకరిస్తే, “ఇంటికాడ కూసోలేకపోతన్నా అన్నా. ఆమె ఏమనదు. అందుకే కూసోలేకపోతన్నా,” అన్నాడు.

మూడో నెల కూడా తొమ్మిదే పడి నోటీసు వచ్చిన మర్నాడు రూతమ్మ నా కొట్టుకు వచ్చింది. ఫారం పని మానుకుని వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళకు ఇంకా మేత దుమ్ము ఉంది. పరిరక్షణ ఉత్తరం నా ముందు పెట్టింది.

“ఇది నిదానంగా చదువన్నా. ఒక్క ముక్క ఒదలమాక.”

చదివాను. రెండోసారి చదవమంది. చదివాను.

“కాపాడమన్నారు సరే. బండిలోనే ఉంచి కాపాడమన్నారా?”

మళ్ళీ చూశాను. “అట్లా ఎక్కడా లేదమ్మా.”

“లోపం ఎవురికి సంబంధించిందని రాశారు?”

“కంపెనీ ప్రయోజనాలకు సంబంధించినది అని.”

“అయితే వాళ్ళది వాళ్ళకి ఇచ్చేద్దాం.”

సాయంత్రం మార్కెట్టు నుంచి నా కొట్టుకొచ్చిన ఏసోబుకు ఈ మాట చెప్పాం. “కేసు పెడతారే,” అన్నాడు.

“పెట్టనీ. ఇప్పుడు మనం తినేది కేసు లేని కూడేనా?” అంది రూతమ్మ. “నువ్వు పొద్దున్నే పోయి ఆ సీట్లో కూసోటం నాకు తెలవదనుకున్నావా?”

మర్నాడు ఖాజావలిని పిలుచుకొచ్చినవాడు ఏసోబే. ఖాజావలి సిలిండరు విప్పి, ఆయిలు తుడవకుండా, రూతమ్మ తెచ్చిన స్టీలు డబ్బాలో పెట్టాడు. కొత్తది బిగించాడు. తెప్పించిన టీ ఇంకా చల్లారలేదు.

పదహారేళ్ళుగా ఊరందరి రాతలకూ నకళ్ళు తీసినవాణ్ణి, ఆ రోజు మొదటిసారి సొంతంగా ఒకటి రాశాను. “తమ లేఖను శిరసావహించి, తమ ప్రయోజనములకు సంబంధించిన లోపమును పెంచక, తగ్గించక, యథాతథముగా ఇందువెంట తమకు అప్పగించుచున్నాము. ఇకపై దీని పరిరక్షణ భారము తమదేనని మనవి.”

కంపెనీలో ఉత్తరాలు తీసుకునే కిటికీ దగ్గర ఒక గుమాస్తా ఉంటాడు. లోపలికి వచ్చే ప్రతిదానికీ ముద్ర వేయడం అతని ఉద్యోగం. డబ్బా మూత తీసి చూశాడు.

“ఏంటిది?”

“లోపం,” అంది రూతమ్మ.

“ఎన్ని?”

“ఒకటే.”

రిజిస్టరులో ‘లోపం – 1’ అని రాసుకుని, మా కాపీ మీద ‘ముట్టినది’ అని ముద్ర కొట్టి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఏసోబు ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

మేము మెట్లు దిగకముందే హైమవతి గారు కబురు పెట్టారు. డబ్బా ఆవిడ బల్ల మీద ఉంది. కింద ఫైళ్ళకు ఆయిలు అంటుతోంది.

“లోపాన్ని వాహనం నుంచి విడదీయడం నిబంధనల స్ఫూర్తికి పూర్తిగా విరుద్ధం. దీన్ని తక్షణం వెనక్కి తీసుకెళ్ళండి.”

“తీసుకుపోతే మళ్ళీ మేం కాపాడాలమ్మా,” అంది రూతమ్మ. “మా చేతగాట్లేదు. తొమ్మిది చుక్కలకి దించాం. మీరు పెద్దోళ్ళు, మీ దగ్గర బాగుంటది.”

“దీన్ని కంపెనీ స్వీకరించలేదు.”

రూతమ్మ ఏసోబు చేతిలోని కాగితం తీసి బల్ల మీద పరిచింది. “ఈ ముద్ర మీది గాదా?”

హైమవతి గారు ముద్ర వైపు చూశారు. మనుషులు చెప్పింది కాదనడం ఆవిడకు కొత్త కాదు. ముద్రను కాదనడం మాత్రం ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ చేయలేదు. “మాదే,” అన్నారు.

అక్కడినుంచి సాంబమూర్తి గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన రసీదును వెలుగుకు పెట్టి చూశారు.

“లోపం కంపెనీ ఆధీనంలో ఉంది. అంటే వాహనంలో లేదు.”

“లేదు సార్,” అన్నాడు ఏసోబు.

“లోపం లేని వాహనానికి నిరభ్యంతర పత్రంతో పనేముంది?”

ఆ మాట ఆయన నోటినుంచే వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. బండిని షెడ్డులోకి రానిచ్చారు. యంత్రం మారు మాట్లాడకుండా పచ్చకాగితం కక్కింది. ఏసోబు గేటు దాటి, రోడ్డెక్కి, నా కొట్టు ముందు బ్రేకు వేశాడు. బండి ఎక్కడిదక్కడ ఆగింది. అతను స్టీరింగు మీద తల ఆనించుకుని కాసేపు ఎత్తలేదు. రూతమ్మ పక్కసీట్లోంచి చెయ్యి చాపి అతని వీపు మీద ఉంచింది.

ఈ సంగతి మైదానానికి పొక్కడానికి అరపూట పట్టింది. వారం రోజుల్లో కంపెనీ కిటికీ ముందు వరస వీధి మలుపు దాకా సాగింది. ఒకడు హెడ్‌లైట్లు తెచ్చాడు, ఒకడు సైలెన్సరు. బడి బస్సు వాళ్ళు రెండు గుండు టైర్లు దొర్లించుకుంటూ వచ్చారు. ఒక లారీ గేరుబాక్సును నలుగురు హమాలీలు మోకు వేసి మోసుకొచ్చి దించితే, గుమాస్తా తల ఎత్తకుండా ‘లోపం – 1’ అని రాసుకుని ముద్ర కొట్టాడు. స్టీరింగులు, స్ప్రింగులు, వైపర్లు. బ్రాంచి హాల్లో ఖాతాదారులు కూర్చునే చోటు పోయింది. హైమవతి గారి గదికి ఒక ఇరుసు మీదుగా అడుగేసి వెళ్ళాల్సి వచ్చేది.

మైదానం ఖాళీ అయ్యాక సాంబమూర్తి గారికి ధర్మసందేహం కలిగింది. నెలనెలా దృఢత్వ పరీక్ష ఎక్కడ చేయాలి? లోపాలు ఉన్నచోటే చేయాలి. గడియారం పెట్టుకుని బ్రాంచికి వెళ్ళారు. ఏసోబు సిలిండరు డబ్బాలో ఎండిపోయి ఉంది, నిమిషానికి చుక్క కూడా పడలేదు. లోపానికి హాని కలిగించారని కంపెనీకి నోటీసు ఇచ్చారు. తమ దగ్గర ఉన్నవన్నీ సురక్షితంగా ఉన్నాయని రుజువు చేయడానికి కోదండపాణి గారు మూడు రోజులు కూర్చుని జాబితా తయారు చేశారు. చాలా శ్రద్ధగా చేశారు. అదే కొంప ముంచింది.

సాంబమూర్తి గారు ఆ జాబితా సాంతం చదివారు. ఇంజను ఉంది, గేరుబాక్సు ఉంది, ఇరుసు, చక్రాలు, స్టీరింగు, లైట్లు, హారను, ఆఖరికి నంబరు ప్లేటు బిగించే మరలు కూడా ఉన్నాయి. ఒక వాహనానికి కావలసినవన్నీ ఒక కప్పు కింద చేరితే అది వాహనం కాక మరేమిటని ఆయన ప్రశ్న. దానికి రిజిస్ట్రేషను లేదు. ఎఫ్సీ లేదు. చట్టం పుస్తకం ముందు పెట్టుకుని అక్కడికక్కడే పరీక్షించారు. అందులో ఒక్క భాగమూ పనిచేయడం లేదు. బ్రాంచి తప్పింది.

హైమవతి గారు ఎండలో నడిచి నా కొట్టుకు వచ్చారు. చేతిలో ఎర్రకాగితం ఉంది. మంచినీళ్ళు ఇచ్చాను. ఆవిడకు ముందు నలుగురు లారీవాళ్ళు ఉన్నారు, వాళ్ళ తరవాతే ఆవిడ కాపీలు తీశాను.

“మాకు ‘యోగ్యతా భరోసా’ వర్తిస్తుందేమోనని హెడ్డాఫీసుకు రాశాను,” అన్నారు మెల్లగా. “పాలసీ ఉందా అని అడిగారు.”

ఏసోబు ఇప్పుడు ఊరికి పంతొమ్మిది మైళ్ళలో ఉన్న వేరే ఫారానికి తోలుతున్నాడు. వెంకటప్పయ్య గారి పని మళ్ళీ దక్కలేదు. దూరం ఎక్కువ, అట్టలు తక్కువ. బ్రేకు బాగుందంటాడు.

కంపెనీ తలుపుకు అంటించిన ఉత్తర్వు ఇంకా అలాగే ఉంది. ‘మరమ్మతు పూర్తియగు వరకు సదరు బ్రాంచి కదలరాదు’ అని. కంపెనీ వారిని ఎవరేమన్నా నేను ఒక్క మాట చెప్పక తప్పదు. ఈ ఉత్తర్వును వారు అక్షరాలా పాటిస్తున్నారు. నేను రోజూ చూస్తున్నాను, ఇంతవరకు అంగుళం కదల్లేదు.